మునసబు గారి దొడ్లో పొన్నగంటి

ఉద్యోగం పోయిందని నా మీద జాలిపడే బంధువులకి ముందుగా ఒక మాట. అది పోలేదు. నేనే వదిలేశాను. మళ్లీ అవకాశమొస్తే ఇంకాస్త చప్పుడు చేసి వదిలేస్తాను.

నేను పనిచేసిన ల్యాబ్ వాళ్ల ఫైల్లో మా పెరటి గురించి "పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు గల అనధికార సాగు స్థలం" అని రాసి ఉంది. మా ఇంట్లో దాని పేరు మునసబు గారి దొడ్డి. చుట్టూ మోకాలెత్తు ఇటుక గోడ, ఒక మూల రేకుల కప్పు, పొడవునా మధ్యలో ఒక ఇనప వల. మునసబు గారంటే మా తాబేలు. ఆఫ్రికా జాతి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నది. రాజమండ్రిలో చేపల తొట్లు అమ్మే షాపు నుంచి నాన్న తెచ్చినప్పుడు ఇడ్లీ అంత ఉండేది. ఇరవై ఏళ్లలో కూర్చునే పీటంత అయింది. పనేమీ లేకపోయినా ఊరి పనంతా నెత్తిన ఉన్నట్టు నడుస్తుందని ఆ పేరు పెట్టింది మా చెల్లెలు చిత్రలేఖ. నాన్న పోయాక కూడా అమ్మ ఆ పేరుకి తగిన మర్యాద తగ్గించలేదు. "మునసబు గారికి నీళ్లు పెట్టేవా?" అని అడగడమే తప్ప ఏనాడూ తాబేలు అని అనలేదు.

ఆ ఏడాది మునసబు గారి డిప్ప మెత్తబడింది. వేలితో నొక్కితే అంచులు లోపలికి వంగేవి. పశువుల డాక్టరు చూసి, ఒంట్లో సున్నం నిలవడం లేదని, మహా అయితే రెండేళ్లని చెప్పాడు. చిత్ర ఆ మాట విని నవ్వింది. ఆమెకీ దాదాపు అలాంటిదే జబ్బు. పంతొమ్మిదో ఏట మొదలైంది. తిన్న తిండిలోని భాస్వరాన్ని మూత్రపిండాలు ఒంట్లో ఉంచకుండా బయటికి పంపేస్తాయి, ఎముకలు మెత్తబడతాయి. తుంటి రెండుసార్లు విరిగింది. రోజుకి నాలుగుసార్లు తాగే పొడి మందు కడుపులో మంట పెట్టేది, రాళ్లు కట్టేది. పదమూడేళ్లుగా వాకర్ పట్టుకుని గది నుంచి వసారాకి, వసారా నుంచి పెరట్లోకి. కడియం నర్సరీలకి ఫోన్లో మొక్కల ఆర్డర్లు రాసుకోవడం ఆమె పని. వేల మొక్కలు ఆమె మాట మీద దేశం నలుమూలలకీ వెళ్లేవి. ఆమె మాత్రం, ఆసుపత్రికి మోసుకెళ్లినప్పుడు తప్ప, మా వీధి చివర చూసి పదమూడేళ్లయింది.

*

ల్యాబ్ సంగతి చెప్పాలి. ఇప్పటి పిల్లలకి ఇది వింతగా అనిపించదు కానీ, నేలలో సారం పోయి కూరల్లో బలం చచ్చిపోయిన మొదటి రోజులవి. రేషన్ షాపులో బియ్యంతో పాటు బలం బిళ్లల అట్టలు ఇచ్చేవారు. అందరికీ ఒకే బిళ్ల. ఒకరికి చాలదు, ఇంకొకరికి ఎక్కువ. తినే మనిషికి ఏం తక్కువో మొక్కే కనిపెట్టి, ఆ తక్కువని తన ఆకుల్లో నింపుకుంటే ఎలా ఉంటుంది? మా ల్యాబ్ పుట్టిందే ఆ ప్రశ్న మీద. డైరెక్టర్ డాక్టర్ పురంధర్ దానికి "బదులిచ్చే మొక్క" అని పేరు పెట్టారు. పొన్నగంటి కూరని ఎంచుకున్నారు. ఎంత కోసినా మళ్లీ చిగురిస్తుంది, కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

దానికో కొత్త జన్యువు కలిపి నాలుగేళ్లు కష్టపడ్డాం. పదకొండు మంది సైంటిస్టులం. ఆకుని స్టెరిలైజ్ చేసిన కత్తెరతో కత్తిరించి, గాజు గొట్టంలోంచి తీసిన మనిషి లాలాజలాన్ని బ్రష్షుతో ఆ గాటు మీద పూసి, మూడు వారాలు ఆగి, కొత్త చిగురు కోసి పరీక్ష చేసేవాళ్లం. ఏమీ మారేది కాదు. మళ్లీ కత్తెర, మళ్లీ బ్రష్షు. నాలుగో ఏడాది చివర పురంధర్ గారికి విసుగొచ్చి నలభై ఒకటో రకం మొక్కలన్నీ కాల్చేయమన్నారు.

అందులోంచి రెండు బుట్టలు నేను ఇంటికి తెచ్చాను. అది దొంగతనమే. ఒప్పుకుంటున్నాను. కానీ కడియంలో పుట్టి, పచ్చటి కొమ్మల్ని కొలిమిలో పారేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. జబ్బు చేసిన తాబేలుకి ఒక పూట మేతన్నా అవుతుంది కదా అనుకున్నాను.

అమ్మ బుట్ట చూసి, "ఎంత బావుందే కూర. పప్పులో వేసేద్దునా?" అంది.

"ఒద్దమ్మా. ల్యాబ్ మొక్కలు, మనుషులు తినకూడదు. మునసబు గారికే."

మర్నాడు చూస్తే దొడ్డి నిండా పొన్నగంటి. మా అమ్మ మంగతాయారు చేతిలో కొమ్మ పడితే అది నేలలోకి వెళ్లాల్సిందే. వలకి అటు పక్క సగం మునసబు గారికి, ఇటు పక్క ఒక వరస వంటకి. తాబేలు ఎరువుతో ఆ మట్టి నల్లగా నిగనిగలాడుతోంది కాబట్టి కూర అక్కడే వేసింది, తాబేలు మూతి తగలకూడదు కాబట్టి మధ్యలో వల కట్టింది. ఇటు వరస కూడా నా బుట్టలోదే అనుకున్నాను. మనుషులు తినకూడదని చెప్పాను కదా అని అడగాలనుకుని, ల్యాబ్‌కి టైమై వెళ్లిపోయాను. ఆ తర్వాత అడగనేలేదు.

*

మూడు నెలలకి మునసబు గారి డిప్ప గట్టిపడింది. డాక్టరు రెండుసార్లు నొక్కి, మూడోసారి వేలి కణుపుతో కొట్టి, "ఏం పెడతన్నారండీ?" అని అడిగాడు. అమ్మ, "కూరాకేనండి," అంది.

నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న అది. తాబేలు కొరికిన మొక్కల నుంచి గుప్పెడు చిగుళ్లు, ఇటు వరసలోంచి గుప్పెడు కోసి విడివిడి కవర్లలో ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు పరీక్ష చేశాను. ఇటు వరసలో సున్నం మామూలు పొన్నగంటిలో ఉన్నంతే. అటు పక్క చిగుళ్లలో సున్నం ఎనిమిది రెట్లు.

ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ. తేడా ఏమిటి? కుర్చీలో కూలబడి ఆలోచించాను. గేదెలూ మేకలూ కాలవగట్టున పొన్నగంటి మేస్తూనే ఉంటాయి, కానీ ఇవాళ ఒక మేక, రేపు ఇంకో మేక. మా దొడ్లో ఒకే నోరు, అవే మొక్కలు, రోజూ. గోడ దాటి ఆయన ఎక్కడికీ వెళ్లలేడు, మొక్కలూ వెళ్లలేవు. ఆకు నలిగిన చోటే అప్పటికప్పుడు నోటి ఉమ్మి తగలాలి, అదీ ఒకే ప్రాణిది, రోజూ తగలాలి. మేం కత్తెరతో నలక్కుండా కోసి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఉమ్మి, రోజుకో వలంటీరుది పూశాం.

పదకొండు మందిలో ఒక్కరం కూడా మొక్క మీద ఉన్న ఆకుని ఉన్నట్టే కొరికి చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు బాగా తెలుసు. కొరికి వదిలేస్తే అది ఎంగిలి. ఇంకొకరు ముట్టుకోవాలి, ఇంకొకరు పరీక్ష చేయాలి. చిన్నప్పుడు మంచినీళ్ల గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం నేర్చుకుని పెరిగినవాళ్లం. పీహెచ్‌డీలు చేశాం కానీ ఆ గ్లాసు దించలేదు. నవ్వొచ్చింది, తర్వాత నాలుగేళ్లు తలుచుకుని కోపమొచ్చింది.

మర్నాడు మీటింగ్‌లో చెబితే పురంధర్ గారు ఒప్పుకోలేదు. "లాలాజలం పూశాం కదా శశిరేఖ గారూ. అదీ ఇదీ ఒకటే."

వాదించే ఓపిక లేక, బల్ల మీదున్న మరో రకం పొన్నగంటి కుండీ ముందుకి లాక్కుని, వంగి, అందరి ఎదుటా ఒక కొమ్మని కసుక్కున కొరికాను. పురంధర్ గారి ముఖం చూస్తే నేను ఆయన కంచంలో చెయ్యి పెట్టినట్టు ఉంది. కానీ కుండీని బయట పారేయలేదు, అంత వరకూ ఆయన్ని మెచ్చుకోవాలి. రోజూ కొరికాను. మూడు వారాలకి ఆ కుండీలో చిగుళ్లు ఎర్రటి ఈనెలతో వచ్చాయి. నాకు రక్తం తక్కువని డాక్టర్లు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. ఆకుల్లో ఇనుము ఆరు రెట్లు.

ల్యాబ్‌లో స్వీట్లు పంచారు. ఎలా తట్టిందని అందరూ అడిగారు. నా నోరు ఊరుకుందా? మునసబు గారి గురించి, మా దొడ్డి గురించి, అమ్మ కట్టిన వల గురించి అంతా చెప్పాను. నా జీవితంలో చేసిన తెలివితక్కువ పని ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

*

చిత్ర చేత కూడా అలా కొరికించాలనుకున్నాను. ఇంట్లో అసలు యుద్ధం అమ్మతో.

"మనిషి పుటక పుట్టి, మేకలాగా మూతి పెట్టి కొరుక్కుతింటాదా? ఎవరన్నా చూస్తే ఏటనుకుంటారే?"

"మందులాంటిది అనుకో అమ్మా."

"మందైతే కోసి ఇయ్యి. ఉడకెట్టి పెడతాను."

చిత్ర అప్పటికే వాకర్ పట్టుకుని లేచింది. "అమ్మా, పదమూడేళ్లు నువ్వు ఉడకెట్టి పెట్టినియ్యే తిన్నాను కదా. ఓ మూడు నెల్లు నన్నొదిలెయ్యి."

అమ్మ ఇటు వరసలో పది మొక్కలు చూపించింది. తాబేలు మూతి తగలనివి. తాబేలు ఎంగిలికి మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. చిత్ర వంగలేదు కాబట్టి గోడ పక్కన పీట వేసి, నేనూ అమ్మా రెండు రెక్కలూ పట్టుకుని దింపేవాళ్లం. కిందికి దిగేటప్పుడు తుంటి కలుక్కుమనేది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా నాలుగు కొమ్మలూ కొరికాకే లేచేది. వలకి అటు పక్క మునసబు గారు, ఇటు పక్క మా చెల్లి. ఇద్దరూ ఒకే వేళకి, పొద్దున్న ఏడింటికి. మొదటి పది రోజులు అమ్మ వీధి తలుపు వేసి, పెరటి గోడ మీద చీరలు ఆరేసి అడ్డం పెట్టింది.

నాలుగు వారాలకి ఆకు దళసరెక్కింది. రెండు నెలలకి రక్తపరీక్షలో భాస్వరం మామూలు మనిషికి ఉన్నంత వచ్చింది. పొడి మందు మానేసింది. ఐదో నెలలో ఒక పొద్దున్న నేను పీట వేయడానికి వెళ్లేసరికి చిత్ర తనంతట తనే కింద కూర్చుని ఉంది. వాకర్ వసారాలోనే ఉంది. నేను అక్కడే గోడ పట్టుకుని ఏడ్చాను. ఆమె నోట్లో కొమ్మ నములుతూ, "ఏడిస్తే ఏడ్చేవు గానీ, నా మొక్కల మీద నీడ పడతంది, జరుగు," అంది.

ఆ సంతోషంలో ఇంకో వెధవ పని చేశాను. చిత్ర మొక్క నాకేం చేస్తుందో చూడాలనిపించింది. శాస్త్రం కోసమే అని నాకు నేను చెప్పుకుని, నాలుగు రోజులు ఆమె వరసలోంచి గుప్పెడు గుప్పెడు తిన్నాను. ఐదో రోజు ల్యాబ్‌లో పెన్ను పట్టుకోబోతే వేళ్లు కొంకర్లు పోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గుండె తప్పులు కొడుతోంది. ఆమె ఒంటికి అవసరమైనంత భాస్వరం నా ఒంటికి విషమైంది. మూడు రోజులు పడుకోబెట్టారు.

అమ్మ మంచం పక్కన కూర్చుని అంది. "చెప్తే ఇన్నావా? ఒకళ్ల ఎంగిలి ఒకళ్లు తినకూడదని ఊరికే అన్నారా?" ఆ ఒక్కసారికి అమ్మదే గెలుపు.

ఆసుపత్రి కాగితాలు ల్యాబ్‌కి చేరాయి. దాంతో చిత్ర సంగతి పురంధర్ గారికి తెలిసింది.

*

ఆయన కారు పంపించి మా ఇద్దర్నీ పిలిపించారు. పదమూడేళ్లలో ఆసుపత్రికి కాకుండా చిత్ర ఇంటి నుంచి బయటికి వెళ్లడం అదే మొదలు, అదీ గుమ్మం నుంచి కారుకి, కారు నుంచి లిఫ్టుకి. మూడో అంతస్తులో ఒక గాజు గది చూపించారు. కొత్తగా కట్టించింది. తెల్లటి లైట్లు, నడుమెత్తు తొట్లలో నల్లటి మట్టి, ఒక కుర్చీ, నాలుగు మూలలా కెమెరాలు.

"ఒక మనిషికి మొక్క పూర్తిగా బదులిచ్చిన మొదటి కేసు మీదేనమ్మా," అన్నారు ఆయన, మర్యాదగానే. "మీ మొక్కల్ని మట్టితో సహా ఇక్కడికి మారుస్తాం. తాబేలుని కూడా. దాని పేగుల్లో ఏముందో, ఆ ఎరువులో ఏముందో తెలియాలి కదా. మీకు ఇక్కడే గది, భోజనం. రోజూ పొద్దున్నా సాయంత్రం మా ఎదుట తినాలి. అంతే."

"పేగుల్లో ఏముందో ఎలా చూస్తారు సార్?" అని చిత్ర అడిగింది.

ఆయన తొట్టి అంచుకి అంటిన మట్టి దులిపారు.

"నేనిక్కడ ఎన్నాళ్లు ఉండాలి?"

"అందరూ తినగలిగే ఆకు తయారయ్యేదాకా. మూడేళ్లో, ఐదేళ్లో. ఈలోగా మొక్కలు బయట ఉండటానికి వీల్లేదు. అవి ల్యాబ్ సొత్తు. పైగా మీ అక్కగారికి ఏమైందో చూశారు కదా, ప్రమాదం."

చిత్ర వాకర్ లేకుండా, గోడ పట్టుకుని ఆ గదంతా ఒకసారి తిరిగింది. అటు నుంచి ఇటు ఎన్ని అడుగులో లెక్కపెట్టింది. పన్నెండు. అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"అన్నీ బాగానే కట్టించేరు సార్. నాకు నీళ్ల పళ్లెం ఎక్కడ పెడతారు?"

ఆయనకి అర్థం కాలేదు. నాకు అయింది. నా మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆ కుర్చీలో పెట్టాను. దాన్ని ఏమంటారో ఆయన ఇష్టం. నేనైతే రాజీనామా అంటాను.

"శశిరేఖ గారూ, ఆవేశపడకండి. పేటెంట్ మీద మీ పేరు కూడా ఉంటుంది."

"నా పేరు మా గేటు మీద ఉందండి. అది చాలు," అన్నాను.

*

పది రోజులకి ల్యాబ్ వాళ్లు ఆర్డర్ తెచ్చుకున్నారు. "అనధికార సాగు స్థలంలోని ల్యాబ్ మొక్కలన్నీ పెకలించి స్వాధీనం చేసుకోవడమైనది" అని. ఇంకా చేయలేదు కానీ చేసినట్టే రాశారు. ఉదయం తొమ్మిదింటికి మినీ వ్యాను వచ్చింది. పురంధర్ గారు, ల్యాబ్ అటెండరు సింహాద్రి, పారలు పట్టుకున్న ఇద్దరు మనుషులు, సాక్షిగా ఒక రెవెన్యూ గుమాస్తా.

మొక్కలు తీసుకెళ్తే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. కొరికే నోరు తగలకపోతే మూడు వారాల్లో మొక్క మర్చిపోతుంది. కొత్తగా మొదలుపెడదామంటే ఆ మట్టినీ, మునసబు గారినీ కూడా తీసుకెళ్తారు. మళ్లీ పొడి మందు, మళ్లీ వాకర్, మళ్లీ ఎప్పుడో ఒక రోజు తుంటి. అదీ కాదంటే గాజు గది. చిత్ర దొడ్డి గోడ మీద కూర్చుంది. అమ్మ మునసబు గారి ముందు నిలబడింది, చేతిలో చీపురు. నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడి, ఆర్డర్లో ప్రతి అక్షరం పైకి చదివించాను. గుమాస్తా చదవలేక ఆయాసపడ్డాడు. "ల్యాబ్ మొక్కలు" అన్న మాట దగ్గర ఆపి, ఏవి ల్యాబ్ మొక్కలో చూపించి మరీ పీకమన్నాను. పట్టుదలతో అన్నదే తప్ప అందులో నాకు వేరే ఆలోచనేమీ లేదు. కాస్త ఆలస్యం చేయాలి, అంతే.

"అదెంత పని," అన్నారు పురంధర్ గారు. మా ల్యాబ్ మొక్కలన్నిటికీ ఒక గుర్తు పెట్టేవాళ్లం. చీకట్లో ఊదారంగు లైటు వేస్తే ఈనెలు పచ్చగా మెరుస్తాయి. సింహాద్రి నల్లగుడ్డ కప్పుకుని, లైటు పట్టుకుని మునసబు గారి వైపు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మెరుస్తన్నాయి సార్. అన్నీ మనయ్యే."

వలకి ఇటు పక్కకి వచ్చాడు. చాలాసేపు గుడ్డలోంచి బయటికి రాలేదు.

"లైటు పని చెయ్యట్లేదా?" అన్నారు పురంధర్ గారు.

"చేస్తందండి. మొక్కే మెరవట్లేదు."

ఆయన స్వయంగా గుడ్డ కప్పుకుని మొదటి మొక్క నుంచి పదో మొక్క దాకా చూశారు. బయటికి వచ్చాక నా వైపు చూశారు. నేను అమ్మ వైపు చూశాను.

అమ్మకి మా ముగ్గురి ముఖాలూ అర్థం కాలేదు. "నువ్వే కదే ఒద్దన్నావు, ల్యాబు మొక్కలు మనుషులు తినకూడదని. అందుకని కాలవగట్టుకెల్లి కోసుకొచ్చేను. మన పొన్నగంటేనండి ఇది. మా అత్తగారి కాలం నుంచీ అక్కడే కోసుకుంటాం."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆకుల్లో సున్నం కొలిచాను, ఇనుము కొలిచాను, భాస్వరం కొలిచాను. అది నా మొక్కేనా అని మాత్రం ఒక్కసారీ చూడలేదు. నాదే అని నమ్మేశాను. నాలుగేళ్లు మేం కలిపిన జన్యువుకి ఏ పనీ లేదు. కాలవగట్టు పొన్నగంటికి ఆ విద్య మొదటి నుంచీ వచ్చు. మేం చేసిందల్లా దాని ఒంటికి ఒక మెరుపు అంటించి, సొంతదారులమని బోర్డు పెట్టుకోవడం. సిగ్గేసింది. ఆ వెంటనే, చెప్పొద్దూ, పట్టరాని సంతోషం వేసింది.

పురంధర్ గారికి కూడా అర్థమైంది. తెలివైనవాడు, ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు. గుమాస్తానీ, పారల వాళ్లనీ, సింహాద్రినీ వ్యాను దగ్గరికి పంపేశారు. గొంతు తగ్గించారు.

"చిత్రలేఖ గారూ, నేను ఏమీ పట్టుకెళ్లను. మీ వరస మీకుంటుంది, మీ తాబేలు మీకుంటుంది. ఆర్డర్ నేనే వెనక్కి ఇచ్చేస్తాను. మీరు చేయాల్సిందల్లా ఒకటే. ఇది మామూలు పొన్నగంటి అని ఎవరికీ చెప్పకండి. రెండేళ్లు. అంతే."

"చెప్తే?"

"చెబితే ఊరంతా కొరుకుతుంది. ఒకరి మొక్క ఇంకొకరు తింటారు. మీ అక్క ఆసుపత్రికి వెళ్లగలిగారు, అందరూ వెళ్లలేరు. ఎవరికైనా ఏమైనా అయితే ఆ పాపం ఎవరిది? మీదే అంటారు. మీరు నడుస్తున్నారు. మీక్కావాల్సింది అదే కదా. దాన్ని కాపాడుకోండి."

నిజం చెప్పాలంటే నేను ఒప్పుకునేదాన్ని. పదమూడేళ్లు ఆమెని రెక్క పట్టుకుని దింపిన మనిషిని నేను. నా చెల్లెలు నడిస్తే చాలు, లోకం సంగతి లోకం చూసుకుంటుంది అనుకున్నాను. ఒప్పుకోమని ఆమెకి కళ్లతో సైగ కూడా చేశాను. ఆమె చూసింది. చూసి తల తిప్పేసుకుంది.

"కత్తిపీట ఇంటింటా ఉంది సార్," అంది చిత్ర. "ఏలు తెగుద్దని చెప్పి మరీ పిల్లలకి కూరలు తరగడం నేర్పుతాం. దాచిపెట్టుకోం."

"మీకు అర్థం కావడం లేదు."

"అయింది సార్. పదమూడేళ్లు ఓ గదిలో ఉన్నాను. నాకు బాగానే అర్థమైంది. నోరు మూసుకుని ఇక్కడే ఉండమంటన్నారు. అదీ దొడ్డే. కాకపోతే గాజుది కాదు."

ఆయన ఇంకేదో అనబోయారు. అమ్మ అడ్డొచ్చింది. "అమ్మాయి చెప్పింది కదండి. ఇంక ఎల్లండి. మునసబు గారి మేత వేళ దాటిపోయింది."

చిత్ర గోడ మీది నుంచి లేచింది. పక్కన ఆనించి ఉన్న వాకర్ని నేను అందించబోతే చేత్తో పక్కకి తోసింది. పెరట్లోంచి సందులోకి, సందులోంచి గేటు దాకా నడిచింది. ఒక్కో అడుగూ చూసుకుని వేసింది. నేను వెనకే వెళ్లాను కానీ పట్టుకోలేదు. పట్టుకుంటే తిట్టేదే.

వ్యాను చూసి వీధిలో పది పదిహేను మంది పోగయ్యారు. ఎక్కువ మంది నర్సరీల్లో పనికి వెళ్లే ఆడవాళ్లు, చేతుల్లో క్యారియర్లు, కొంగుల్లో బలం బిళ్లల అట్టలు. వాళ్లలో సగం మంది చిత్ర గొంతు ఫోన్లో విన్నవాళ్లే, మనిషిని చూసింది తక్కువ. చిన్నప్పుడెప్పుడో ఆమెని చూసిన ఒకావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

గేటు ముందు మూడు మెట్లున్నాయి. చిత్ర గేటు పట్టుకుని మొదటిది దిగింది, గోడ పట్టుకుని రెండోది దిగింది. మూడోదానికి పట్టుకోవడానికేమీ లేదు. దిగింది. వీధి మధ్యకి వెళ్లి, పురంధర్ గారికి కూడా వినబడేలా అందరితో అంది.

"రేపు పొద్దున్న ఏడింటికి మా ఇంటికి రండి. కాలవగట్టున పొన్నగంటి కొమ్మ ఎవరిది వాళ్లే కోసుకొచ్చుకోండి. ఎలా కొరకాలో నేను చూపిస్తాను. ఒకళ్ల మొక్క జోలికి ఇంకొకళ్లు పోతే మాత్రం నేనే తంతాను."